మాడు గుంట, గ్లాసెడు నీళ్ళు

నిరుటి వానాకాలంలో ఒక రాత్రి, పది దాటిన తరువాత, మా గేటు దగ్గర ఎవరో పిలిచినట్లయింది. మాది యాప్రాల్. సికిందరాబాదుకు ఉత్తరాన, కంటోన్మెంటు భూములకు ఆనుకుని ఉన్న ఊరు. ఒకప్పటి పల్లె ఇప్పుడు సగానికి పైగా అపార్టుమెంట్లమయం. సైన్యంలో పనిచేసి పదవీవిరమణ చేసినవారు చాలామంది ఇక్కడే స్థిరపడ్డారు. మా వీథి చివర ఎప్పుడూ ఏదో ఒక కట్టడం లేస్తూనే ఉంటుంది. దాని పక్కన రేకుల షెడ్లలో పనివాళ్ళ సంసారాలు.

గేటు దగ్గర నిలబడ్డది అలాంటి ఒక షెడ్డులోని ముసలావిడ. భుజాన పది నెలల మనుమడు. ఆవిడ అడిగింది ఆసుపత్రికి దారి కాదు, డబ్బూ కాదు.

"కొంచెం ఆముదం ఉంటే పొయ్యి బిడ్డా. పోరనికి మాడు లోపలికి వోయింది."

పొద్దుటి నుంచి విరేచనాలు, వాంతులూనట. మా పై అంతస్తులో మిలిటరీ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమించిన ఒక అక్కయ్య ఉన్నారు. ఆమెను పిలిచాను. ఆమె బిడ్డను దీపం కిందకు తీసుకుని, పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో చిటికెడు పైకెత్తి వదిలారు. ఆ ముడత వెంటనే సర్దుకోలేదు, నెమ్మదిగా దిగింది. కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. ఏడుస్తున్నాడు గాని కన్నీరు లేదు.

"నీళ్ళేమైనా పట్టారా అవ్వా?"

"నీళ్ళు తాపిస్తే ఇంక పారుతది గదమ్మా. పొద్దటిసంది చుక్క పొయ్యలె. తల్లి పాలు గూడ బందు వెట్టినం."

ఈ సంభాషణ నన్ను చాలాకాలం వదలలేదు. మాడు గుంట పడడం అంటే ఏమిటి? ఏడాది లోపు పసివాడి నడినెత్తిన ఎముకలింకా కలవని చోటు ఒకటుంటుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది లోపలికి కుంగుతుంది. వైద్యగ్రంథాలన్నీ శిశువులలో శోషకు చెప్పే గుర్తులలో ఇది ఒకటి. అంటే ఆ అవ్వ రోగనిర్ణయంలో పొరపాటు పడలేదు! చదువు లేని ఆ మనిషి, ప్రాణం మీదికి తెచ్చే లక్షణాన్ని ఖచ్చితంగా పట్టుకుంది. పట్టుకుని, దానికి ఆముదం అద్దబోయింది. దాహంతో ఎండిపోతున్న వాడికి నీళ్ళు మాన్పింది. గుర్తించడానికీ, చికిత్సకూ నడుమ ఉన్న ఆ ఒక్క అడుగు ఆవిడ వేయలేకపోయింది.

అయితే మిత్రులారా, ఆ అడుగు వేయలేకపోయింది ఆవిడ ఒక్కతే కాదు. యూరపులోని మహామహా వైద్యులకు దానికి నూటముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. ఆ కథ చెప్పడానికే ఈ టపా.

మొదలు మా సికిందరాబాదు నుంచే పెడతాను.

తెలంగాణలో కలరాకు గత్తర అని పేరు. కోస్తావైపు మరిడి అనేవారు, ఆ పేరుతో మరిడమ్మ అనే దేవతే వెలసింది. సంస్కృతంలో విషూచి. పేరేదైనా అర్థం ఒక్కటే, పొద్దున నవ్వుతూ తిరిగినవాడు పొద్దుగూకేసరికి ఉండడు. సికిందరాబాదులోని ఉజ్జయిని మహంకాళి గుడి పుట్టుకలో ఈ గత్తర ఉన్నదని సంప్రదాయం చెబుతుంది. 1813లో ఇక్కడి పటాలమొకటి ఉజ్జయినికి వెళ్ళిందట. అందులో సురిటి అప్పయ్య అనే ఆయన ఉన్నారు. జంటనగరాలలో మహమ్మారి చెలరేగి జనం రాలిపోతున్నారని కబురు తెలిసి, తన వారిని కాపాడితే ఊళ్ళో గుడి కడతానని ఉజ్జయినిలోని మహాకాళికి మొక్కుకున్నారు. తిరిగి వచ్చి 1815లో కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఏటా ఆషాఢంలో జరిగే లష్కర్ బోనాలకు మూలం అదేనని చెబుతారు.

ఈ కథలో నన్ను ఆకట్టుకునేది అప్పయ్యగారి ఉద్యోగం. ఆయన పటాలంలో డోలీ మోసేవారు. డోలీ అంటే పెళ్ళిపల్లకి కాదు, గాయపడినవారినీ జబ్బుపడినవారినీ దవాఖానాకు చేర్చే మోత. నేటి మాటలో చెప్పాలంటే అంబులెన్సు మనిషి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 వాహనాలు కదిలినప్పుడు, వాటికి దాదాపు రెండువందల ఏళ్ళ ముందటి పూర్వీకుడు ఒకాయన మన బోనాల కథలో ఉన్నాడని ఎవరికైనా తట్టిందో లేదో! రోగిని మోసుకుపోవడమే వృత్తిగా ఉన్న మనిషి, మోసుకుపోయి చేర్చినా ఫలితం లేని రోగం ఎదురైనప్పుడు దేవతను ఆశ్రయించాడు. అందులో నవ్వవలసినదేమీ లేదు. ఆనాడు దవాఖానాలో జరిగేది తెలిస్తే, దేవతను నమ్ముకోవడమే క్షేమం అనిపిస్తుంది.

(ఇక్కడొక పేచీ ఉంది. ప్రపంచాన్ని చుట్టిన మొదటి కలరా 1817లో వంగదేశంలోని జెస్సూరు ప్రాంతంలో బయలుదేరిందనీ, 1818లో మద్రాసు చేరిందనీ చరిత్రకారులు వ్రాస్తారు. మరి 1813 నాటిది ఏ రోగం? కొందరు ప్లేగంటారు. కానీ 1817కు ముందు మన వైపు విషూచి లేదనుకోవడం తప్పు. 1781లో, తెలుగు ఒరియా సీమల నడుమ ఉన్న గంజాంలో, కర్నల్ పియర్స్ నడిపిస్తున్న కంపెనీ సేనను ఇటువంటి రోగమే పట్టుకుని, ఒకే రోజున వందలమందిని పడగొట్టిన వృత్తాంతం కంపెనీ కాగితాలలో ఉంది.)

దవాఖానాలో జరిగేదేమిటంటారా? నెత్తురు తీయడం. విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి, నెత్తురు చిక్కబడి, నాడి అందని మనిషికి నరం కోసి మరికాస్త నెత్తురు తీసేవారు. దాని మీద కేలోమెల్, అంటే పాదరసపు మందు. అది కూడా విరేచనకారే! మద్రాసులో పనిచేసిన జేమ్స్ ఆనెస్లీ 1825లో అచ్చువేయించిన గ్రంథంలో ఈ పద్ధతినే గట్టిగా సమర్థించాడు. ఆయన మూర్ఖుడు కాదు. శవాలను కోసి చూసి, చక్కని చిత్రాలు వేయించిన శ్రద్ధగల వైద్యుడు. నెత్తురు తారులా నల్లగా, చిక్కగా ఉండడం ఆయన కళ్ళారా చూశాడు. అది చెడునెత్తురు కనుక తీసివేయాలనుకున్నాడు. మా అవ్వ మాడును చూసినట్లే.

మన వైపు మాట అందామా, "లంఖణం పరమౌషధం" అనే మాట వినని తెలుగువాడు ఉండడు. (లంఖణమని అలవాటుగా అంటాము గాని సంస్కృతపు మాట లంఘనం. లఘువు చేయడం, ఒంటిని తేలిక పరచడం అని అర్థం.) చరకుడు లంఘనాన్ని పది విధాలుగా చెప్పాడు. ఉపవాసం అందులో ఒకటి. పిపాస, అంటే దప్పికను ఓర్చుకోవడం మరొకటి. అదే సంప్రదాయంలో లంఘనానంతరం పలుచని గంజి, జావ, ఆ తరువాత మెత్తని అన్నం అంటూ మెట్లు మెట్లుగా ఆహారం పెంచే క్రమం కూడా ఉంది. కాలక్రమంలో జనం నోట మిగిలింది మాత్రం మొదటి సగం. తిండి మాన్పు, నీళ్ళు మాన్పు. ఎదిగినవాడు ఒకపూట తట్టుకోగలడు. పసివాడు తట్టుకోలేడు. పసివాడి ఒంట్లో నీటి పాలు పెద్దవాడికన్నా ఎక్కువ, బరువును బట్టి చూస్తే పోయే వేగమూ ఎక్కువ. పళ్ళు వచ్చేటప్పుడు విరేచనాలు సహజమే అనుకుని ఊరుకుంటే, ఆ ఊరుకున్న ఒక్క పగలే చాలు.

నీరు పోయిన చోట నీరు పోయాలన్న సంగతి మొదట స్పష్టంగా పట్టుకున్నది ఓషానెసీ అనే ఐరిష్ యువకుడు. 1831లో కలరా ఇంగ్లాండు చేరినప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్ళు. రోగుల నెత్తురును పరీక్షించి, అందులో నీరూ లవణాలూ తరిగిపోయాయనీ, వాటిని తిరిగి చేర్చాలనీ లాన్సెట్ పత్రికకు వ్రాశాడు. అది చదివి, 1832లో స్కాట్లండులోని లీత్ పట్టణంలో టామస్ లాట్టా అనే వైద్యుడు ఒక ముసలావిడ నరంలోకి ఉప్పునీరు ఎక్కించాడు. మూసుకుపోతున్న కళ్ళు తెరుచుకున్నాయి, చల్లబడ్డ చేతులు వెచ్చబడ్డాయి. ఆమె తేరుకుందనుకుని లాట్టా వెళ్ళిపోయాడు. కొన్ని గంటలకు విరేచనాలు మళ్ళీ మొదలై ఆమె చనిపోయింది. పోతున్నంత కాలం పోస్తూనే ఉండాలని అప్పటికి తెలియదు. మరుసటి ఏడు లాట్టా కూడా పోయాడు. ఆ పద్ధతి మూలపడింది.

ఓషానెసీ ఏమయ్యాడంటారా? 1833లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కలకత్తా వచ్చాడు. గంజాయి ఔషధగుణాల మీద ప్రయోగాలు చేశాడు. భారతదేశమంతటా టెలిగ్రాఫు తీగలు వేయించి సర్ బిరుదు పొందాడు. కలరాకు పుట్టినిల్లు అని పేరుపడ్డ దేశంలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాడు, తన ఉప్పునీటి సంగతిని మాత్రం మళ్ళీ తలకెత్తుకోలేదు. చరిత్రలో ఇంతకన్నా బాధపెట్టే మరపు నాకు కనబడలేదు.

నరంలోకి ఉప్పునీరు ఎక్కించడం మళ్ళీ గట్టిగా నిలబడింది ఇరవయ్యో శతాబ్ది మొదట్లో, కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ చేతుల మీదుగా. కలరా మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఇదే కాలపు మనిషి, మన బేగంపేటలో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్. ఆయన పరిశోధన సికిందరాబాదులో సాగుతుండగానే 1895లో కలరా అదుపు పని మీద బెంగుళూరుకు పంపారు. దోమల పని వెనుకబడిందని వాపోయాడు. గత్తర మన కథల్లోకే కాదు, ఆయన కథలోకీ అడ్డం వచ్చింది.

కానీ సూది, సీసా, శుభ్రమైన నీరు, ఎక్కించే చేయి తెలిసిన మనిషి, ఈ నాలుగూ ఉన్న చోట్ల గత్తర తక్కువ. గత్తర ఉన్న చోట్ల ఈ నాలుగూ ఉండవు. నోటి ద్వారా ఇస్తే సరిపోదా అంటే, ఇచ్చినదంతా విరేచనంలో పోతుందనీ, పేగు పొర ఊడిపోయి పీల్చుకునే శక్తి నశిస్తుందనీ పెద్దలందరి నమ్మకం. మా అవ్వ అన్నదే, కాస్త పెద్ద మాటల్లో.

1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ ఆ నమ్మకాన్ని కదిపాడు. మరీ తీవ్రం కాని 186 మంది కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీరు నోటి ద్వారానే ఇచ్చి బ్రతికించానని లాన్సెట్‌లో ప్రకటించాడు. వాంతులు ఆగడానికి ఒక మాత్ర, విరేచనాలకు ఒక ఆకుపసరు. ఆ ఆకు ఏదనుకున్నారు? మన పెరట్లో కుండీలో పెరిగే వామాకు! ప్రపంచం పట్టించుకోలేదు. పోల్చి చూడడానికి మరో జట్టు రోగులు లేరన్నది పండితుల ఆక్షేపణ. ఆక్షేపణ సబబే. కానీ సబబైన ఆక్షేపణ చేసి అంతటితో ఊరుకోవడం, తామే మరొక పరీక్ష చేసి చూడకపోవడం, అది సబబని నేననను.

ఆ తరువాతి రెండు సంగతులు ప్రయోగశాలలవి. 1959లో కలకత్తాలోనే శంభునాథ్ దే, కలరా క్రిమి పేగును కొరికి పాడుచేయదనీ, ఒక విషాన్ని వదిలి పేగు గోడనుంచి నీరు కారేట్లు చేస్తుందనీ చూపించాడు. అంటే పేగు పొర ఊడిపోతుందన్నది అబద్ధం. 1960లో రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్, ప్రాగ్‌లో జరిగిన సభలో, పేగు గోడలో గ్లూకోజూ ఉప్పులోని సోడియమూ జంటగా లోపలికి పోతాయని ప్రతిపాదించాడు. ఒకటి లేకుండా రెండవది ఆ ద్వారం దాటదు. రెండూ పోతే వాటి వెంట నీరు పోతుంది. కలరా విషం ఒక తలుపును బార్లా తెరుస్తుంది గాని ఈ రెండో తలుపును మూయలేదు. కనుక ఉత్త నీళ్ళు చాలవు, ఉత్త ఉప్పునీళ్ళు చాలవు, చక్కెర నీళ్ళూ చాలవు. మూడూ ఉండాలి, సరైన పాళ్ళలో ఉండాలి.

పాళ్ళు తప్పితే ఏమవుతుందో కూడా త్వరలోనే తెలిసింది. 1962లో ఫిలిప్పీన్సులో అమెరికా నౌకాదళపు వైద్యుడు ఫిలిప్స్ చేసిన పరీక్షలో ద్రావణం మరీ గాఢమై కొందరు రోగులు చనిపోయారు. ఆయన ఆ పని విరమించుకున్నాడు. 1968లో ఢాకాలో పనిచేస్తున్న డేవిడ్ నేలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు ఒక సులువు కనిపెట్టారు. ఎంత పోతున్నదో కొలిచి, అంతే నోటి ద్వారా ఇవ్వడం. నరానికి ఎక్కించవలసిన ద్రవం దానితో ఎనభై శాతం దాకా తగ్గింది. అయినా ఇది ఆసుపత్రిలో, నిపుణుల కనుసన్నలలో మాత్రమే జరగవలసిన పని అన్నారు.

ఆ గీత చెరిపినవాడు ఒక పిల్లల డాక్టరు.

1971. తూర్పు బంగాళం నుంచి లక్షల జనం సరిహద్దు దాటి వస్తున్నారు. బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా. రెండు గదులు, చాలని మంచాలు, నేల మీద రోగులు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ రోగులను పరీక్షించాలంటే వాంతులలో, విరేచనాలలో మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. ఎక్కించే సీసాలు అయిపోవచ్చాయి. ఎక్కించగల మనుషులు ఇద్దరే. అప్పుడాయన తెగించాడు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా లెక్కన కలకత్తాలో పొట్లాలు కట్టించి తెప్పించి, కుళాయి ఉన్న పీపాలలో కలిపించాడు. పట్టవలసింది ఎవరు? నర్సులు లేరు. తల్లులు, అక్కలు, తాతలు. పక్కన కూర్చున్న వాళ్ళే గ్లాసుతో తెచ్చి పోశారు. అంతకుముందు నూటికి ముప్పై మంది పోతున్న చోట మరణాలు 3.6 శాతానికి దిగాయి.

ఆయన వ్రాసిన దానిని మొదట పత్రికలు నమ్మలేదు. 1973లో గాని అచ్చుకాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఉన్న ధీమన్ బారువా ఆ శిబిరాన్ని స్వయంగా చూసి వచ్చి పట్టుబట్టబట్టి ఆ పద్ధతికి అక్కడ చోటు దొరికింది. 1978లో లాన్సెట్ సంపాదకీయం దీనిని ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ప్రగతి కావచ్చునని వ్రాసింది. మహలనబిస్ 2022 అక్టోబరులో కలకత్తాలో మరణించారు. పద్మవిభూషణ్ మరుసటి ఏడాది వచ్చింది. ఎప్పుడూ అంతే.

నా దృష్టిలో బన్‌గావ్‌లో జరిగిన అసలు విశేషం పొట్లంలో లేదు. మందు గ్లాసు తల్లి చేతికి ఇవ్వడంలో ఉంది. అంతవరకు తల్లి వైద్యానికి అడ్డు, అజ్ఞానపు పుట్ట. అక్కడ మొదటిసారి ఆమే వైద్యురాలయింది. దీన్ని అందరికన్నా బాగా అందుకున్నది బంగ్లాదేశ్. 1980 నుంచి పదేళ్ళపాటు బ్రాక్ అనే సంస్థ ఆడవాళ్ళను ఊరూరా ఇంటింటికీ పంపి, మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్ళు ఎలా కలపాలో కోటికి పైగా ఇళ్ళలో నేర్పించింది. నేర్పినవారికి జీతం ఎలాగంటే, కొన్నాళ్ళ తరువాత వేరొకరు వెళ్ళి ఆ తల్లిని అడుగుతారు, ఆమెకు ఎంత గుర్తుంటే నేర్పినావిడకు అంత! మన బడులలో ఈ పద్ధతి పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇంకొక తమాషా. 1982లో ఢాకాలోనే, గ్లూకోజుకు బదులు బియ్యప్పిండి కాచి ఉప్పు కలిపి ఇచ్చినా కలరాలో బాగా పనిచేస్తుందని తేలింది. ఉప్పు వేసిన గంజి! మన నాయనమ్మల లంఖణంలో మరిచిపోయిన రెండో సగం.

ఓఆర్ఎస్ పాళ్ళు తరువాత మారాయి. 1984లో వంటసోడా స్థానంలో సిట్రేటు వచ్చింది, పొట్లం ఎక్కువకాలం నిలవ ఉండడానికి. 2002 నుంచి ఉప్పూ గ్లూకోజూ తగ్గించారు. ఇప్పటి ప్రమాణం లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9, వెరసి 20.5 గ్రాములు. 2004 నుంచి జింకు కూడా పది నుంచి పద్నాలుగు రోజులు ఇమ్మంటున్నారు. ఆరు నెలల లోపు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆ పైన 20. పొట్లం దొరకని చోట లీటరు కాచి చల్లార్చిన నీటికి తలగొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. 1980 ప్రాంతంలో ఏటా 46 లక్షలమంది పసిపిల్లలు విరేచనాలతో పోతున్నారని అంచనా వేశారు. ఇప్పుడది నాలుగున్నర లక్షల లోపు. తగ్గుదలలో మంచినీటికి, మరుగుదొడ్లకు, టీకాలకు కూడా వాటా ఉంది. ఓఆర్ఎస్ వాటా చిన్నది మాత్రం కాదు. ఐనా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం విరేచనాలైన పిల్లలలో ఓఆర్ఎస్ అందినది సుమారు 60 శాతానికే.

మనది మహానగరం కదా, ఈ గొడవ ఇక్కడెందుకు అనుకోకండి. 2009 మే నెలలో, సికిందరాబాదు స్టేషనుకు కూతవేటు దూరంలోని భోలక్‌పూర్‌లో కుళాయి నీటిలో మురుగు కలిసి వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. పలువురు చనిపోయారు. నల్లకుంటలోని కోరంటి దవాఖానా (క్వారంటైన్ అనే మాటను మన జనం అలా తెలుగు చేసుకున్నారు) వరండాల దాకా నిండిపోయింది.

మరో గొడవ ఇటీవలిది. దుకాణాలలో ఓఆర్ఎస్ అనే మూడక్షరాలను పేరులో ఇరికించుకున్న తియ్యని పానీయాలు కొన్నేళ్ళపాటు అమ్ముడుపోయాయి. వాటిలో చక్కెర అసలు ప్రమాణానికి ఎన్నో రెట్లు. చక్కెర మితిమీరితే పేగులోకి నీటిని ఇంకా లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఏ తలుపు తెరవడానికి నూటముప్పై ఏళ్ళు పట్టిందో దాన్ని అందమైన డబ్బాతో మూయడమన్నమాట. హైదరాబాదులో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడారు, హైకోర్టు తలుపు తట్టారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ప్రమాణానికి సరిపోని పానీయాల పేర్లలో ఆ మూడక్షరాలు ఉండరాదని ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజున నాకు మా అవ్వే గుర్తుకు వచ్చింది. ఆవిడకు చదువు రాదు. చదువు వచ్చినవాళ్ళు డబ్బా మీది అక్షరాలు చదివి మరీ మోసపోయారు.

ఇంతకూ ఆ రాత్రి.

అక్కయ్య పొట్లం చింపి లీటరు నీళ్ళలో మొత్తం కలిపారు. "సగం పొట్లం సగం గ్లాసులో కలపకండి, అందాజాతో ప్రాణం తీయవచ్చు" అన్నారు నాతో. బిడ్డ చెంచాను ఆత్రంగా పట్టుకున్నాడు. "ఆత్రంగా తాగుతున్నాడంటే మన చేతిలోనే ఉన్నాడు. తాగలేక సోలిపోయినా, మెలకువ లేకపోయినా, విరేచనంలో నెత్తురు ఉన్నా ఇక్కడ కూర్చోకూడదు, 108 పిలవాలి, నరానికి ఎక్కించాలి" అన్నారు. కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో పట్టించాలట. వీడు ఏడు కిలోలు ఉంటాడేమో, అంటే అర లీటరుకు పైగా. నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. మధ్యలో ఒకసారి కక్కాడు. అవ్వ "చూసినవా, నేను జెప్పలే" అంది. అక్కయ్య పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టారు. తల్లిని పిలిపించి పాలు ఇప్పించారు. విరేచనాలు టక్కున ఆపే మాత్ర ఏదైనా ఉందా అని నేనడిగితే, పసిపిల్లలకు దాని ఊసే ఎత్తవద్దని కసిరారు.

ఒంటిగంట ప్రాంతంలో చెంచా అవ్వ చేతిలోకి మారింది. ఎలా మారిందో నేను గమనించలేదు. వర్షం రేకుల మీద కొడుతూనే ఉంది. మూడు దాటాక పిల్లవాడు అవ్వ ఒళ్ళు తడిపాడు. ఆ ముసలావిడ చీర పిండుకుంటూ, "పోసిండు, పోసిండు" అని తల్లిని నిద్రలేపింది. అక్కయ్య మళ్ళీ పొట్ట మీద చర్మం పట్టి వదిలారు, ముడత నిలవలేదు. తెల్లవారాక పిల్లల డాక్టరుకు చూపించమని చెప్పి, జింకు మాత్రల సంగతి కాగితం మీద వ్రాసి ఇచ్చారు.

వెళ్ళబోతూ అవ్వ గుమ్మంలో ఆగింది. "ఆముదం జెర పోస్తవా బిడ్డా?"

నేను అక్కయ్య మొహం చూశాను. "మాడు మీద అద్దుకుంటే పోయేదేముంది, ఇవ్వండి" అన్నారు ఆమె. చిన్న సీసాలో పోసి ఇచ్చాను. మిగిలిన ఓఆర్ఎస్ నీళ్ళ చెంబును మరో చేత్తో పట్టుకుని, దాని మీద కొంగు కప్పుకుని, అవ్వ వానలోకి వెళ్ళింది.